చేను దగ్గరికి చదువును తెచ్చిన కార్వర్

యూనివర్సిటీలో పుట్టిన జ్ఞానం ఎవరికి చేరాలి? పరిశోధక విద్యార్థులుగా మేము ఈ ప్రశ్న వేసుకున్నప్పుడల్లా జార్జ్ వాషింగ్టన్ కార్వర్ గుర్తొస్తారు.

అమెరికాలోని మిస్సోరీలో, 1864 ప్రాంతంలో, ఒక బానిస తల్లికి ఆయన పుట్టారు. పసిబిడ్డగా ఉన్నప్పుడే దుండగులు తల్లీబిడ్డలను ఎత్తుకుపోయారు. బిడ్డ దొరికాడు, తల్లి దొరకలేదు. చదువు కోసం ఊరూరా తిరిగారు. కాన్సాస్‌లో ఒక కాలేజీ సీటు ఇచ్చింది. తీరా వెళ్లాక నల్లవాడని తిప్పి పంపింది. ఆ గుమ్మం దగ్గరి అవమానం ఎలాంటిదో మన విద్యార్థులకు చెప్పనక్కర్లేదు. చివరికి అయోవా వ్యవసాయ కాలేజీలో తొలి నల్లజాతి విద్యార్థిగా చేరి 1894లో డిగ్రీ, 1896లో మాస్టర్స్ పూర్తి చేశారు.

అదే ఏడాది బుకర్ టి. వాషింగ్టన్ పిలుపుతో అలబామాలోని టస్కెగీ విద్యాసంస్థకు వెళ్లారు. చుట్టుపక్కల ఎక్కువమంది సొంత భూమి లేక, పాలుకు సేద్యం చేసే నల్లజాతి రైతులు. పంటలో వాటా భూస్వామికి పోయేది, మిగిలింది అప్పులకు పోయేది. ఏటా పత్తే వేయడంతో నేల సారం కూడా పోయింది.

కార్వర్ వాళ్లను ఖరీదైన ఎరువులు కొనమనలేదు. రాలిన ఆకులు, చిత్తడి నేలల బురద కుప్పవేసి ఎరువు చేసుకోమన్నారు. నేలకు నత్రజని, ఇంటికి తిండి ఇచ్చే వేరుశనగ, అలసంద వేయమన్నారు. చిలగడదుంప పెట్టమన్నారు. ప్రయోగాల్లో తేలిన సంగతులను తేలిక మాటల్లో 44 బులెటిన్లుగా రాశారు. బడికి రాలేని వాళ్ల కోసం 1906లో జెసప్ బండి బయల్దేరింది. పనిముట్లు, విత్తనాలు వేసుకుని ఊళ్లకే వెళ్లి, చేసి చూపించేది.

అంత పేరున్న ఆయన తీసుకున్న పేటెంట్లు మూడే. దాచుకున్న డబ్బును టస్కెగీలో పరిశోధనకే ఇచ్చి, 1943లో కన్నుమూశారు.

అయితే ఒక నిజం దాచకూడదు. ఏ పంట వేయాలో చెప్పేది భూస్వామి. అందుకే కార్వర్ సలహా చాలామంది చేలల్లోకి దిగలేకపోయింది. ఆ ఆధిపత్యాన్ని ఆయన నేరుగా ఢీకొననూ లేదు. భూమి దక్కని చోట జ్ఞానం గట్టు మీదే ఆగిపోతుంది.

1980లో అమెరికా బే-డోల్ చట్టం తెచ్చింది. ప్రభుత్వ సొమ్ముతో చేసిన ఆవిష్కరణలపై హక్కులు యూనివర్సిటీలు ఉంచుకుని, కంపెనీలకు లైసెన్సు ఇచ్చే దారి విస్తరించింది. అప్పటినుంచి టెక్నాలజీ బదిలీ అనగానే పేటెంట్లు, లైసెన్సుల ఆదాయం లెక్కకొస్తున్నాయి. మన దేశంలోనూ 2008లో అలాంటి బిల్లే పార్లమెంటుకు వచ్చింది, చట్టం కాలేదు.

పేటెంట్లు వద్దని మేము అనడం లేదు. ప్రజల సొమ్ముతో నడిచే ప్రయోగశాల తన ఫలితాల లెక్క చెప్పేటప్పుడు, అది ఎన్ని వాడలకు, ఎంతమంది కౌలు రైతులకు, కూలీలకు చేరిందో కూడా చెప్పాలి. ఆ లెక్క అడగాల్సింది క్యాంపస్‌లో ఉన్న మనమే. దానితోపాటు భూమి కూడా అడగాలి.