గుంటూరు గ్రహణం నుంచి అంతరిక్ష వాతావరణం దాకా: జూల్స్ జాన్సెన్ జీవితం

1868 ఆగస్టు 18 ఉదయం. గుంటూరులో ఓ ఫ్రెంచి వర్తకుడి మేడపై దూరదర్శినిని అమర్చుకున్న పియరీ జూల్స్ జాన్సెన్‌కు అప్పటికి 44 ఏళ్లు. చిన్ననాటి ప్రమాదం మూలంగా ఆయన జీవితాంతం కుంటుతూనే నడిచారు. ఆ ఉదయపు సంపూర్ణ సూర్యగ్రహణం ఆరు నిమిషాలకు కాస్త తక్కువ సేపే నిలిచింది. సూర్యుడి అంచును గమనించేందుకు ఇక మరో గ్రహణం కోసం వేచి ఉండనక్కర్లేదని ఆయనకు తోచింది ఆనాడే.

జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న పారిస్‌లో ఓ సంగీతకారుడి ఇంట జన్మించారు. కుటుంబ అవసరాల రీత్యా కొన్నేళ్లు బ్యాంకులో గుమాస్తాగిరీ చేసి, ఆలస్యంగా గణిత, భౌతిక శాస్త్రాల వైపు మళ్లారు. 1857లో భూమి అయస్కాంత మధ్యరేఖను గుర్తించేందుకు పెరూ వెళ్లి, అక్కడ తీవ్రంగా జబ్బుపడి తిరిగొచ్చారు. ఆ తర్వాత సూర్యకాంతి వర్ణపటమే ఆయన ప్రధాన అధ్యయనమైంది.

అప్పటికే ఓ చిక్కుముడి శాస్త్రవేత్తల ముందుంది. 1859 సెప్టెంబర్ 1న సూర్యబింబంపై హఠాత్తుగా మెరిసిన వెలుగును ఇంగ్లండులో రిచర్డ్ కారింగ్టన్ చూశారు. మర్నాటికల్లా భూమిపై అయస్కాంత తుపాను చెలరేగింది. టెలిగ్రాఫ్ తీగలు స్తంభించాయి. బొంబాయిలోని కొలాబా అయస్కాంత కేంద్రంలోనూ ఆ అలజడి నమోదైంది. సూర్యుడి మీద ఏదో జరిగితే భూమిపై సూదులు ఎందుకు కదులుతాయో ఎవరికీ అంతుపట్టలేదు. సూర్యుడి అంచున ఎగసే ఎర్రని కీలలు గ్రహణమప్పుడు తప్ప కంటపడేవి కావు. కొన్నేళ్లకోసారి కొన్ని నిమిషాలు చూసి, మనిషి ఏం తేల్చగలడు?

గుంటూరుకు వచ్చింది జాన్సెన్ ఒక్కరే కాదు. మేజర్ టెనెంట్ నాయకత్వంలోని బ్రిటిష్ బృందమూ అక్కడే మకాం వేసింది. మద్రాసు నక్షత్రశాల నుంచి పాగ్సన్ మచిలీపట్నానికి, చింతామణి రఘునాథాచారి వనపర్తికి వెళ్లారు. ఎర్రని కీలల వర్ణపటంలో కాంతిమంతమైన గీతలు కనిపించడంతో అవి మండుతున్న వాయువులని, ప్రధానంగా హైడ్రోజన్ అని తేలింది. అయితే ఆ గీతల ప్రకాశం జాన్సెన్‌ను మరో ఆలోచనలో పడేసింది. వర్ణపటదర్శిని గుండా పోయినప్పుడు ఆకాశపు వెలుతురు పొడవాటి పట్టీగా పరుచుకుని పలచబడుతుంది. కీలల కాంతి మాత్రం కొద్ది గీతల్లోనే పోగుపడి నిలుస్తుంది. అంటే పట్టపగలే వాటిని పట్టుకోవచ్చు. మర్నాడు ఉదయమే ఆయన ప్రయత్నించి నెగ్గారు. అలా 17 రోజుల పాటు గుంటూరులోనే ఉండి, కీలల రూపాలు ఎంత వేగంగా మారిపోతున్నాయో గమనించారు.

ఈ వార్తతో సెప్టెంబరులో కాకినాడ నుంచి రాసిన లేఖ అక్టోబరు చివర్లో పారిస్‌లోని శాస్త్ర అకాడమీకి చేరింది. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ స్వతంత్రంగా అదే పద్ధతి కనుగొన్న సమాచారమూ సరిగ్గా అప్పుడే అందింది. ఇద్దరి ముఖాలతో 1872లో ఒకే పతకాన్ని ముద్రించారు. హీలియంను జాన్సెన్ గుంటూరులో కనుగొన్నారన్న మాట మన ప్రాంతంలో తరచూ వినిపిస్తుంది. అది పూర్తిగా సరికాదు. గ్రహణవేళ పసుపు గీత పలువురి కంట పడింది. అది సోడియం గీత కాదని తేల్చి, కొత్త మూలకాన్ని ఊహించినది లాకియర్. జాన్సెన్ ఘనత వేరు, బహుశా అంతకన్నా పెద్దది: సూర్యుణ్ని రోజూ కాపు కాసే దారి చూపడం.

1870లో ప్రష్యా సేనలు పారిస్‌ను ముట్టడించగా, మరో గ్రహణం కోసం ఆయన బెలూన్‌లో నగరం దాటారు. తీరా అల్జీరియా చేరాక మబ్బులు కమ్మాయి. తర్వాత మ్యూడన్‌లో నక్షత్రశాల స్థాపించి సూర్యుడి ఛాయాచిత్రాలు వేలాదిగా తీయించారు. 1907 డిసెంబర్ 23న కన్నుమూశారు.

ఆ కీలలను పట్టి ఉంచేది అయస్కాంత క్షేత్రమేనని, పట్టు తెగితే కోట్ల టన్నుల ప్లాస్మా ఒకటి నుంచి మూడు రోజుల్లో భూమిని తాకగలదని తరువాతి తరాలు గ్రహించాయి. 1989 మార్చి 13న అలాంటి తుపాను కెనడాలోని క్యూబెక్‌లో 60 లక్షల మందిని దాదాపు తొమ్మిది గంటలు చీకట్లోకి నెట్టింది. గుంటూరు వీధుల్లోనైనా, బస్తర్ అడవుల్లోనైనా ఫోనులో దారి చూపే ఉపగ్రహ సంకేతాలు అయనావరణం గుండానే రావాలి. తుపాను వేళ అది కల్లోలమై లెక్క తప్పుతుంది. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1 ఇప్పుడు 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉంది. సూర్యబింబపు వెలుగును అడ్డుకుని, గ్రహణంతో పనిలేకుండా, అది ఆ అంచునే చూస్తోంది.