నావను తిరిగి కట్టిన నావికుడు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములకు సముద్రము లేదు. మన పిల్లలెరిగిన నావ హొగెనకల్లు వద్ద కావేరిపై తిరుగు పుట్టి. అయినను, స్వహస్తములతో నావను కట్టుకొని, దానిపై ఒంటరిగా భూగోళమును చుట్టివచ్చిన ప్రథముని చరిత్రమును ఈ సంచికలో విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును వినిపింపదలచితిమి.

జాషువా స్లోకమ్ 1844 ఫిబ్రవరి 20వ తేదీన కెనడా తూర్పుతీరమందలి నోవాస్కోషియాలో జన్మించెను. తండ్రి జోళ్ళు కుట్టి జీవించువాడు. బాలునకు బడిచదువు స్వల్పముగానే అబ్బినది. పదునారవ యేట తల్లి గతింపగా ఇల్లు విడిచి, నావికుడై, క్రమముగా ఓడలకు అధిపతి యయ్యెను.

1887లో బ్రెజిలు తీరమున ఆతని ఓడ నాశమయ్యెను. పరదేశమున భార్యతోను ఇద్దరు కుమారులతోను చిక్కుకొన్న స్లోకమ్ నిరాశ చెందలేదు. గొడ్డలి, బాడిస, రంపములు మొదలగు కొద్ది పనిముట్లతో ఆ కుటుంబమే 35 అడుగుల పడవను నిర్మించెను. పెద్దకుమారుడు వడ్రంగిపని చేసెను. భార్య తెరచాపలు కుట్టెను. 1888 మే 13వ తేదీన, బ్రెజిలులో బానిసత్వము రద్దయిన దినముననే, అది నీట దిగెను. కావున స్వాతంత్ర్యమను నర్థము గల పేరును దానికిడిరి. దానిపై సుమారు 5,500 మైళ్ళు పయనించి వారు అమెరికా చేరిరి.

అంతలో ఆవిరి ఓడల కాలము వచ్చి, తెరచాప నడుపువారికి పని కరవయ్యెను. 1892లో ఒక మిత్రుడు స్ప్రే అను పాతనావను ఆతనికి దానము చేసెను. అది ఫేర్‌హేవెన్ అను ఊర, పొలములో, ఏండ్ల తరబడి శిథిలమగుచుండెను. విరిచివేయుటకే వచ్చెనని ఊరివారు తలచిరి. ఆతడు తిరిగి కట్టుటకు పూనుకొనెను. చేరువనున్న ఓకు చెట్టును నరికి అడుగుదూలము చేసెను. కొయ్యలను ఆవిరిలో మెత్తబరచి, పక్కటెముకలవలె వంచి నిలిపెను. వానిపై ఒకటిన్నర అంగుళము మందము గల పైను పలకలను ఒకదాని ప్రక్క నొకటిగా బిగించి, సందులలో దూదియు నారయు దట్టించెను. ఇది గిట్టుబాటగునా యని పలువురడిగిరి. గిట్టునట్లు తాను చేసెదనని ఆతడు బదులిచ్చెను.

13 నెలల శ్రమతో, 553 డాలర్ల 62 సెంట్ల వ్యయముతో, 36 అడుగుల 9 అంగుళముల నావ సిద్ధమయ్యెను. పాతకొయ్య యంతయు పోయి క్రొత్తకొయ్య వచ్చినను ఆతడు పేరు మార్చలేదు. భాగము వెంట భాగముగా బాగుచేయబడిన ఓడ పూర్తిగా క్రొత్తదైనను పాత ఓడయే యను లాయిడ్సువారి నియమమును తన గ్రంథమున పేర్కొనెను.

1895 ఏప్రిల్ 24వ తేదీన బోస్టను విడిచి, 46,000 మైళ్ళకు పైగా ఒంటరిగా పయనించెను. 1897లో మారిషస్ దీవియందు ఆగెను. చెరకుతోటల పనికై వెళ్ళిన తెలుగువారు అప్పటికే అచ్చట కాపురముండిరి. నావల నిర్మాణమునకు పేరుగన్న మన కోరంగి రేవు పేరిట వారిని కోరంగీలని పిలిచెడివారు. 1898 జూన్ 27వ తేదీన స్లోకమ్ అమెరికా చేరెను. పిమ్మట ఫేర్‌హేవెన్ వెళ్ళి, తొలుత నీట దింపిననాడు ఒడ్డున పాతిన గుంజకే నావను కట్టెను. 1900లో వెలువడిన ఆతని గ్రంథము లోకప్రసిద్ధము. 1909 నవంబరులో మరల ఆ నావపైననే ఒంటరిగా బయలుదేరి తిరిగి రాలేదు.

తెలుగు చదివిన గిట్టుబాటగునా యని మమ్మును తల్లిదండ్రులడుగుచుందురు. తమిళమును శ్రద్ధగా నేర్వవలసినదే; ఆంగ్లమును విడువరానిదే. కాని పూర్వులు మనకిచ్చిన నావ తెలుగు. ఇంటిలో వాడుక తప్పిన మాటలు, పిల్లలు కూడబలుకుకొను అక్షరములు అందలి పుచ్చిన పలకలు. మేము బడిలో కొన్నిటిని మార్చగలము. తక్కినవి ఇంటివారే మార్చవలెను. బ్రెజిలు తీరమున ఆ కుటుంబము చేసిన పని యదియే. తండ్రి యొక కథ చెప్పుట, తల్లి యొక ఉత్తరము వ్రాయించుట, పిల్లవాడు దినమునకొక పుట చదువుట చాలును. గిట్టునట్లు చేయుట మన పని.