వీధిలో రోగిని చదివిన వైద్యుడు: జేమ్స్ పార్కిన్సన్

ఒక వ్యాధికి ఒక మనిషి పేరు పెట్టబడినప్పుడు, లోకం వ్యాధిని జ్ఞాపకముంచుకొని మనిషిని మరచిపోవడం పరిపాటి. జేమ్స్ పార్కిన్సన్ విషయంలో జరిగినది ఇదే. ఆయన పేరు వినబడని పెద్ద ఆసుపత్రి నేడు ప్రపంచంలో లేదు. కాని ఆయన ముఖం ఎట్లుండెడిదో ఎవరికీ తెలియదు. నమ్మదగిన చిత్రపటం ఒక్కటైనా మిగలలేదు. ఆయన ఛాయాచిత్రాలని అక్కడక్కడ అచ్చయినవి అన్యులవి. ఆయన గతించిన 1824 నాటికి ఛాయాగ్రహణం ఇంకా వాడుకలోనికి రాలేదు. రూపం దక్కని ఆ మహనీయుని చూపును గురించి మన విద్యార్థులకు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

పార్కిన్సన్ 1755 ఏప్రిల్ 11న లండన్ నగరపు అంచుననున్న హాక్స్‌టన్‌లో జన్మించాడు. తండ్రి జాన్ కూడ వైద్యుడే. తండ్రి వద్దనే వృత్తి నేర్చి, 1776లో లండన్ హాస్పిటల్‌లో కొంతకాలం శిక్షణ పొంది, 1784లో శస్త్రవైద్యునిగా గుర్తింపు పొందాడు. ఆ మరుసటి సంవత్సరం సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ ఉపన్యాసాలను విని, సంక్షిప్త లిపిలో వ్రాసుకున్నాడు. శ్రద్ధగా వినడం, చూచినదానిని చూచినట్లు వ్రాయడం ఆయనకు చిన్ననాటనే అలవడిన గుణాలు.

ఆయన కేవలం నాడి పట్టుకొని కూర్చున్న వైద్యుడు కాడు. ఫ్రెంచి విప్లవానంతరం ఇంగ్లండులో సామాన్యులకు ఓటుహక్కు కావాలని ఉద్యమించిన లండన్ కరెస్పాండింగ్ సొసైటీలో సభ్యుడై, మారుపేరుతో కరపత్రాలు వ్రాశాడు. 1794లో మూడవ జార్జి రాజును విషపు బాణంతో చంపుటకు కుట్ర పన్నారని ఆ సంఘీయులు కొందరిపై నేరం మోపబడినప్పుడు, పార్కిన్సన్ ప్రీవీ కౌన్సిల్ ఎదుట విచారణకు నిలువవలసి వచ్చింది. వృత్తి, కుటుంబం, ప్రాణం కూడ పోగల సమయమది. అయినను కరపత్రాలు తనవేనని ఒప్పుకొనుటకు ఆయన వెనుదీయలేదు.

తరువాతి కాలంలో ఆయన దృష్టి శిలాజాల వైపు మళ్ళింది. 1804 నుండి 1811 వరకు మూడు సంపుటాలుగా శిలాజ శాస్త్ర గ్రంథాన్ని వెలువరించాడు. 1807లో లండన్‌లో ఏర్పడిన జియలాజికల్ సొసైటీ స్థాపకులలో ఆయన ఒకడు. సమకాలికులు ఆయనను గౌరవించినది ముఖ్యంగా ఈ కృషికే. ఆయన పేరును చిరస్థాయిగా నిలిపిన పుస్తకం మాత్రం 66 పుటల చిన్న గ్రంథం. 1817లో, తన 62వ ఏట, ఆయన వణకు వాతమును గురించి ఆ వ్యాసం ప్రకటించాడు.

అందులో వర్ణించబడిన రోగులు ఆరుగురే. వారిలో ఇద్దరు వీధిలో తారసపడినవారు. ఒకరిని దూరం నుండి మాత్రమే చూచాడు. విశ్రాంతిగానున్నప్పుడు వణకే చేయి, ముందుకు వంగిన నడుము, నడక తనంతట తానే పరుగుగా మారుట అనే లక్షణాలను వేర్వేరుగా చూచిన వైద్యులు పూర్వమూ ఉన్నారు. మన హకీములు వణకును రాషా అన్నారు, ఆయుర్వేదం కంపవాతమన్నది. ఈ లక్షణాలన్నియు క్రమంగా ముదిరే ఒకే వ్యాధి అవయవాలని స్పష్టంగా గుర్తించినది పార్కిన్సన్ ప్రతిభ. మరణించిన రోగి శరీరాన్ని పరీక్షించు అవకాశం తనకు లేదని ఒప్పుకొని, ఆ పనిని శరీరశాస్త్రజ్ఞులకు అప్పగించాడు.

ఆ పని తీరుటకు శతాబ్దము పట్టింది. ఫ్రాన్సులో షార్కో ఈ వ్యాధికి పార్కిన్సన్ పేరు పెట్టాడు. 1919లో ట్రెట్యాకాఫ్, మెదడు కాండంలో సబ్‌స్టాన్షియా నైగ్రా అనబడు నల్లని భాగం క్షీణించుటను చూపాడు. అక్కడి కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసి స్ట్రయేటమ్ అను భాగానికి అందిస్తాయి. చెరువు తూములో నీరు తగ్గినప్పుడు కాలువల క్రిందనున్న దూరపు పొలాలు కూడ ఎండినట్లు, ఆ నల్లని కణాలు నశించగా స్ట్రయేటమ్ నుండి థాలమస్ మీదుగా మెదడు పై పొర వరకు సాగే వలయమంతా గతి తప్పుతుంది. చేయి కదలాలన్న సంకల్పం ఉన్నను, కదలిక ఆలస్యమవుతుంది. వణకు కనిపించునాటికే ఆ కణాలలో చాలా భాగం నశించి ఉంటుంది. నేటి స్కానింగ్ పద్ధతులు మెదడు భాగాల నడుమ ఈ సంబంధాలు మారుటను జీవించియున్న రోగిలోనే చూపుతున్నవి.

ఈ వ్యాధి చికిత్సకు 1960వ దశకంలో వచ్చిన లెవోడోపా నేటికీ ప్రధానౌషధం. మన పొలాల గట్ల మీది దూలగొండి గింజలలో ఆ పదార్థమున్నదని 1937లోనే మద్రాసు పరిశోధకులు ప్రకటించియుండుట మనకు గర్వకారణం.

పార్కిన్సన్ కొన్నిచోట్ల పొరబడ్డాడు. వ్యాధి మూలం వెన్నుపాము పై భాగంలో ఉన్నదని, ముదిరిన కొలది మెడుల్లా వరకు ప్రాకునని ఊహించాడు. బుద్ధి చెడదని తలచాడు. రోగులలో పలువురికి మనోవ్యాకులత, మతిమరుపు కలుగునని నేడు మనకు తెలుసు. అయితే వ్యాధి మెడుల్లాలో ముందుగా పొడసూపి పైకి ప్రాకవచ్చునని 2003లో జర్మన్ శాస్త్రజ్ఞుడు బ్రాక్, ఆయన సహచరులు ప్రతిపాదించిరి. తెలియనిచోట తెలియదని చెప్పి, ఊహను ఊహగానే వ్రాసినందున ఆయన పొరపాట్లు తరువాతివారికి అడ్డు కాలేదు.

1824 డిసెంబరు 21న ఆయన హాక్స్‌టన్ ప్రాంతంలోనే కన్నుమూశాడు. ఏప్రిల్ 11 నేడు ప్రపంచ పార్కిన్సన్ దినం. ప్రియ విద్యార్థులారా, మన కళాశాల ప్రయోగశాలలో పరికరాలు కొద్దిగానే ఉండవచ్చును. పార్కిన్సన్ వద్ద అవికూడ లేవు. వీధిలో వణకుతూ నడిచే వృద్ధుని చూచి, దాటిపోక నిలిచి ప్రశ్నించిన దయ ఆయన వద్ద ఉన్నది. ఆ దయయే శాస్త్రానికి తొలి మెట్టు అని మేము విశ్వసిస్తున్నాము.