శీతల యంత్ర నిర్మాత జేమ్స్ హారిసన్

సముద్రయానంలో ఆహార నిల్వ ప్రాణాధారం. నెలల తరబడి నేల కనిపించని ప్రయాణాలలో పూర్వకాలపు నావికులకు ఉప్పు పట్టించిన మాంసం, గట్టి రొట్టెలు మాత్రమే దక్కేవి. తాజా ఆహారం చెడకుండా ఓడలో చల్లదనాన్ని నిలిపి ఉంచడం ఎలా అన్న ప్రశ్నకు సమాధానం వెదకడంలో తన సర్వస్వాన్నీ ఒడ్డిన వ్యక్తి జేమ్స్ హారిసన్.

హారిసన్ 1816లో స్కాట్లండులోని బాన్‌హిల్‌లో ఒక జాలరి కుటుంబంలో జన్మించాడు. గ్లాస్గో నగరంలో అచ్చుపని నేర్చుకుంటూనే రసాయన శాస్త్రాన్ని అభ్యసించాడు. 1837లో ఆస్ట్రేలియాకు వలస వెళ్ళాడు. 1840లో జీలాంగ్ పట్టణంలో ఒక వార్తాపత్రికకు సంపాదకుడై, రెండేళ్ళకే దానికి యజమాని అయ్యాడు.

ఆ ముద్రణాలయమే ఆయనకు ప్రయోగశాల అయింది. సీసపు అక్షరాలను ఈథర్ ద్రవంతో శుభ్రపరిచేటప్పుడు లోహం చల్లబడటాన్ని ఆయన గమనించాడు. ద్రవం ఆవిరయ్యేటప్పుడు పరిసరాల వేడిని గ్రహిస్తుంది. మట్టికుండలోని నీటిని చల్లబరిచేదీ ఈ సూత్రమే. అయితే ఎగిరిపోయిన ఆవిరిని తిరిగి పట్టి ఉంచగలిగితేనే చల్లదనం ఎడతెగక లభిస్తుంది. ఈథర్ ఆవిరిని పంపుతో అదిమి, చల్లబరిచి, మళ్ళీ ద్రవంగా మార్చే యంత్రాన్ని హారిసన్ బార్వాన్ నదీతీరాన నిర్మించాడు. ఇటువంటి పద్ధతికి 1834లోనే జేకబ్ పెర్కిన్స్ పేటెంటు పొందినా, దానిని పరిశ్రమ స్థాయికి తెచ్చిన ఘనత హారిసన్‌దే. 1856లో ఆయన బ్రిటనులో పేటెంటు పొందాడు. ఆయన యంత్రాలు మంచు తయారీకి, బీరు కర్మాగారాలకు ఉపయోగపడ్డాయి.

ఆ రోజులలో ఆస్ట్రేలియాలో ఉన్ని కోసం పెంచే గొర్రెలు లెక్కకు మించి ఉండేవి. తినేవారు లేక వాటిని కొవ్వు కోసం ఉడికించేవారు. ఇంగ్లండులోనేమో మాంసం ప్రియమైన వస్తువు. ఈ రెండు తీరాలనూ కలపాలని హారిసన్ సంకల్పించాడు. నెలల పాటు గడ్డకట్టించి ఉంచిన మాంసం తినడానికి యోగ్యంగానే ఉంటుందని నిరూపించి, 1873లో మెల్‌బోర్న్ ప్రదర్శనలో బంగారు పతకం అందుకున్నాడు.

అదే సంవత్సరం జులైలో సుమారు ఇరవై టన్నుల మాంసంతో నార్ఫోక్ అనే ఓడ ఇంగ్లండుకు బయలుదేరింది. ఇక్కడే ఆయన జీవితం మలుపు తిరిగింది. యంత్ర నిర్మాతే అయినా, ఆయన ఓడలో యంత్రాన్ని అమర్చలేదు. మంచు నింపిన శీతల గదినే నమ్ముకున్నాడు. మంచు నిల్వ ఎంత పెద్దదైనా కరిగేకొద్దీ తరిగేదే. యంత్రమైతే ప్రయాణం పొడవునా చల్లదనాన్ని కొత్తగా పుట్టిస్తూనే ఉంటుంది. అనుకున్నదానికంటే ముందే మంచు కరిగిపోయింది. మాంసం పాడైంది. హారిసన్ ఆర్థికంగా కుప్పకూలి, తిరిగి పత్రికా రచననే ఆశ్రయించాడు.

ఆరేళ్ళ తరవాత, 1879లో, స్ట్రాత్‌లెవన్ అనే ఆవిరి ఓడ ఆస్ట్రేలియా మాంసంతో బయలుదేరింది. గాలిని అదిమి చల్లదనాన్ని పుట్టించే బెల్-కోల్‌మన్ యంత్రం అందులో ఉంది. 1880 ఫిబ్రవరిలో ఆ మాంసం లండనుకు చెడకుండా చేరింది. హారిసన్ కన్న కల ఇతరుల చేతుల మీదుగా నెరవేరింది.

చివరి రోజులలో హారిసన్ జీలాంగ్ ప్రాంతానికే తిరిగివచ్చి, 1893లో కన్నుమూశాడు. ఒక ఓడలో ఆయన ఎన్నుకున్న పద్ధతి ఓడిపోయింది. కాని ఆవిరిని అదిమి తిరిగి ద్రవంగా మార్చే ఆయన యంత్ర సూత్రం నేటికీ ఇంటింటి ఫ్రిజ్‌లోను, సముద్రాలు దాటే ఓడలలోను పనిచేస్తూనే ఉంది.