తవుడులో దొరికిన జవాబు: బెరిబెరి మూలాన్ని వెలికితీసిన ఐక్మాన్

పాదాల్లో తిమ్మిరితో మొదలై, స్పర్శజ్ఞానాన్ని హరించి, కాళ్లను చచ్చుబరచి, చివరకు గుండెను దెబ్బతీసే బెరిబెరి వ్యాధి పందొమ్మిదో శతాబ్దంలో ఆసియా దేశాలను పీడించింది. సైనిక శిబిరాలు, జైళ్లు, ఓడలు దానికి నిలయాలయ్యాయి. ఈ వ్యాధికీ నిత్యం తినే అన్నానికీ ఉన్న సంబంధాన్ని ప్రయోగాలతో వెలుగులోకి తెచ్చిన వైద్యుడు క్రిస్టియాన్ ఐక్మాన్.

ఐక్మాన్ 1858 ఆగస్టు 11న నెదర్లాండ్స్‌లోని నైకెర్క్ పట్టణంలో జన్మించారు. తండ్రి పాఠశాల ప్రధానోపాధ్యాయుడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో సైనిక వైద్య విద్య అభ్యసించి, 1883లో నరాలపై చేసిన పరిశోధనకు డాక్టరేట్ పొందారు. అనంతరం సైనిక వైద్యుడిగా డచ్ ఈస్టిండీస్‌కు, అంటే నేటి ఇండోనేషియాకు వెళ్లారు. అక్కడ మలేరియా బారినపడి 1885లో స్వదేశానికి తిరిగి వచ్చారు. మరుసటి ఏడాది భార్య మరణించారు. ఆ దశలోనే బెర్లిన్ వెళ్లి రాబర్ట్ కోచ్ వద్ద సూక్ష్మజీవశాస్త్రం నేర్చుకున్నారు.

రోగాలన్నింటికీ క్రిములే మూలమని వైద్యలోకం భావిస్తున్న కాలమది. డచ్ ప్రభుత్వం బెరిబెరి క్రిమిని కనుగొనేందుకు పెకెల్‌హారింగ్, వింక్లర్ అనే వైద్యులను 1886లో పంపగా, ఐక్మాన్ వారికి సహాయకుడిగా వెళ్లారు. వారిద్దరూ తిరిగి వెళ్లిన తర్వాత, 1888లో బటావియా (నేటి జకార్తా) ప్రయోగశాలకు ఆయన అధిపతి అయ్యారు.

ప్రయోగశాలలోని కోళ్లకు ఉన్నట్టుండి కాళ్లు పట్టు తప్పాయి. లక్షణాలు బెరిబెరిని పోలి ఉన్నాయి. క్రిమి కోసం ఎంత వెదికినా కనిపించలేదు. కొన్నాళ్లకు కోళ్లు వాటంతట అవే కోలుకున్నాయి. ఆరా తీయగా కారణం తెలిసింది. సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్ల అన్నాన్ని కొంతకాలం కోళ్లకు వేశారు. కొత్తగా వచ్చిన వంటవాడు సైన్యం బియ్యాన్ని ప్రయోగశాల కోళ్లకు ఇవ్వనన్నాడు. దాంతో వాటికి మళ్లీ ముడి బియ్యం అందింది. ఐక్మాన్ ఈ మార్పును పదేపదే పరీక్షించారు. తెల్ల బియ్యం తిన్న కోళ్లు జబ్బుపడ్డాయి. తవుడు కలిపితే కోలుకున్నాయి.

మనుషుల్లోనూ ఇదే జరుగుతోందా అన్నది తేల్చేందుకు ఆయన సూచన మేరకు ఆరోగ్యాధికారి అడాల్ఫ్ వోర్డర్‌మన్ జావా ప్రాంతంలోని 101 జైళ్లను పరిశీలించారు. తెల్ల బియ్యం వండే 51 జైళ్లలో 36 చోట్ల బెరిబెరి కనిపించింది. తవుడు తీయని బియ్యం వాడే 37 జైళ్లలో ఒక్కచోటే ఉంది.

అయితే ఈ ఫలితానికి ఐక్మాన్ చెప్పుకున్న భాష్యం సరైనది కాదు. తెల్ల బియ్యపు పిండిపదార్థంలో విషముందని, తవుడు దానికి విరుగుడని ఆయన భావించారు. ఉన్న విషం కాదు, లేని పోషకమే వ్యాధికి మూలమని ఆయన వారసుడు గెరిట్ గ్రైన్స్ 1901లో ప్రతిపాదించారు. ఆ పోషకాన్ని 1926లో జాన్సెన్, డోనాత్ బటావియాలోనే తవుడు నుంచి వేరుచేశారు. అదే థయమిన్, అంటే విటమిన్ బి1. నెల్లూరులో జన్మించిన అమెరికా రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ విలియమ్స్ దానిని 1936లో కృత్రిమంగా తయారుచేశారు.

పిండిపదార్థాన్ని శక్తిగా మార్చడానికి థయమిన్ తప్పనిసరి. అది కొరవడితే ముందుగా దెబ్బతినేవి నరాలు, గుండె. పచ్చి బియ్యాన్ని మర పట్టించి తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి ఉండగా, ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో అది అరుదుగా కనిపించడానికి కారణమిదే. వడ్లను ఉడికించినప్పుడు పై పొరలోని విటమిన్ గింజలోకి చేరుతుంది.

అనారోగ్యంతో 1896లో స్వదేశం చేరిన ఐక్మాన్, 1898 నుంచి యూట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేశారు. 1929లో ఆయనకు, బ్రిటన్‌కు చెందిన ఫ్రెడరిక్ హాప్‌కిన్స్‌కు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి సంయుక్తంగా లభించింది. గ్రైన్స్‌కు అందులో భాగం దక్కలేదు. ఐక్మాన్ 1930 నవంబరు 5న యూట్రెక్ట్‌లో కన్నుమూశారు. క్రిమి కోసం బయలుదేరిన ఆయన పరిశోధన, ఆహారంలో ఒక పదార్థం లేకపోవడమే వ్యాధికి కారణం కాగలదన్న సత్యానికి దారితీసింది.