కాలిన్ మెకంజీ

కల్నల్ కాలిన్ మెకంజీ (1754 - మే 8, 1821) ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరు, భారతదేశపు మొట్టమొదటి సర్వేయర్ జనరల్. దక్షిణ భారతదేశానికి చెందిన గ్రామ చరిత్రలను, శాసనాలను, తాళపత్ర గ్రంథాలను, నాణేలను విస్తారంగా సేకరించిన వ్యక్తిగా ప్రసిద్ధుడు. తెలుగునాట గ్రామ చరిత్రలు వ్రాసేవారు ఆధారంగా తీసుకొనే కైఫీయతులు ఇతడు చేయించిన సేకరణలోనివే. స్కాట్లండుకు పడమటి సముద్రంలో ఉన్న ఒక దీవిలో, చేపల వ్యాపారం మీద బ్రతికే చిన్న రేవు పట్టణంలో పుట్టిన మెకంజీకి భారతీయ భాషలలో ఏదీ పట్టుబడలేదు. ఆ లోటును తీర్చినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. అందువలన మెకంజీ జీవిత చరిత్ర చాలావరకు ఆ సోదరుల చరిత్ర కూడా.

పుట్టిన దీవి, కుటుంబం

మెకంజీ 1754లో లూయిస్ దీవిలోని స్టోర్నోవే పట్టణంలో జన్మించాడు. హెబ్రిడీస్ ద్వీప సమూహానికి ఉత్తరపు కొసన ఉన్న దీవి ఇది. తండ్రి మర్డాక్ మెకంజీ వర్తకుడు, స్టోర్నోవే పట్టణానికి మొదటి పోస్టుమాస్టరు. తల్లి పేరు బార్బరా. మేరీ అనే సోదరి ఉండేది.

ఆ కాలంలో దీవిలోని పల్లె ప్రజల జీవితం చాలా కష్టమైనది. మందపాటి రాతి గోడల మీద గడ్డి కప్పు వేసుకొని, ఒకే కప్పు క్రింద ఒక కొసన మనుషులు, మరొక కొసన పశువులు నివసించేవారు. పొగగొట్టం ఉండేది కాదు. ఇంటి నడుమ పొయ్యి నుండి లేచిన పొగ కప్పులో నుండే బయటికి పోవాలి. దీవిలో చెట్లు బహు అరుదు కనుక వంటచెరకు దొరకదు. బీడు భూములలో శతాబ్దాల తరబడి కుళ్ళిన నాచుతో ఏర్పడిన పీటు అనే నల్లని మట్టిని వేసవిలో ఇటుకల వలె కోసి, ఎండబెట్టి, ఇంటి ప్రక్కన కుప్ప వేసుకొనేవారు. కృష్ణా తీరపు పల్లెలలో పిడకల గూడు ఎటువంటిదో ఆ దీవిలో పీటు కుప్ప అటువంటిది. అది తరిగిపోతే చలికాలం గడవదు.

బార్లీ, ఓట్లు ముఖ్యమైన పంటలు. వేసవి రాగానే స్త్రీలు, పిల్లలు పశువులను దూరపు మేత బీళ్ళకు తోలుకొని పోయి, అక్కడ చిన్న గుడిసెలలో ఉంటూ వెన్న, జున్ను తయారు చేసేవారు. పురుషులు పడవల మీద చేపల వేటకు పోయేవారు. పట్టిన హెర్రింగ్ చేపలను ఉప్పు వేసి పీపాలలో కూర్చి ఎగుమతి చేయడమే స్టోర్నోవే రేవుకు ప్రధానమైన వ్యాపారం. ప్రజలు మాట్లాడే భాష గేలిక్. కచేరీ కాగితాలు, వర్తకుల లెక్కలు మాత్రం ఇంగ్లీషులో ఉండేవి.

దీవి అంతా సీఫోర్త్ ప్రభు కుటుంబం అధీనంలో ఉండేది. కౌలు భారం, పంట నష్టాల వలన 1770ల నాటికి అనేక కుటుంబాలు ఓడలెక్కి అమెరికాకు వలసపోయాయి. స్టోర్నోవేలోనే 1764లో పుట్టిన అలెగ్జాండర్ మెకంజీ 1774లో ఆ విధంగానే వెళ్ళి, తరువాత కెనడా అన్వేషకుడిగా పేరు పొందాడు. అక్కడి మెకంజీ నదికి ఆ పేరు అతని వలన వచ్చినదే.

సుంకం కచేరీ ఉద్యోగం

కాలిన్ మెకంజీ 1778 నుండి 1783 వరకు స్టోర్నోవే రేవులో సుంకం కచేరీకి కంట్రోలరుగా పనిచేశాడు. రేవుకు వచ్చిపోయే ఓడలు, వాటిలోని సరుకులు, వాటిపై రావలసిన సుంకాల లెక్కలు సరిచూడడం ఆ కచేరీ పని. ఉప్పుపై పన్ను ఉన్న ఆ రోజులలో చేపలకు వాడిన ఉప్పుకు కూడా లెక్క చెప్పవలసి ఉండేది. ప్రతి వస్తువును జాబితాలో ఎక్కించి, ఎక్కడిది, ఎవరిచ్చినది అని వ్రాసి ఉంచే పద్ధతి అతని తరువాతి జీవితంలోని సేకరణలలోనూ కనిపిస్తుంది.

యౌవనంలోనే గణితంపై ఆసక్తి కలిగిన మెకంజీకి నేపియర్ ప్రభు కుటుంబంతో పరిచయం ఏర్పడింది. లాగరిథమ్స్ కనుగొన్న జాన్ నేపియర్ జీవిత చరిత్ర కోసం హిందువుల గణిత శాస్త్రాన్ని గురించి తెలుసుకొనే పని అతనికి అప్పగించారని ఆ కుటుంబపు దౌహిత్రుడు అలెగ్జాండర్ జాన్‌స్టన్ తరువాతి కాలంలో తెలిపాడు. సీఫోర్త్ కుటుంబపు సహాయంతో కంపెనీ సైన్యంలో ఉద్యోగం సంపాదించి, 1783లో మద్రాసు చేరాడు. అప్పటికి అతని వయస్సు సుమారు 29 సంవత్సరాలు. సైన్యంలో చేరేవారిలో అనేకులు పదహారు, పదిహేడేళ్ళవారే కాగా, ఇతడు ఆలస్యంగా చేరినవాడు. మరల స్వదేశానికి తిరిగి వెళ్ళలేదు.

మద్రాసులో తొలి సంవత్సరాలు

మద్రాసు చేరిన కొద్ది కాలానికి మధురలో ఉన్న నేపియర్ ప్రభు కుమార్తె హెస్టర్ జాన్‌స్టన్ ఇంట అక్కడి పండితులతో మెకంజీకి పరిచయం కలిగింది. దేశ చరిత్రపై ఆసక్తికి అదే బీజం అంటారు. అయితే తరువాతి పది పన్నెండు సంవత్సరాలు యుద్ధాలలోనూ, దారుల సర్వేలలోనూ గడిచిపోయాయి. 1786లో ఇంజనీర్ల దళంలో చేరాడు. 1790-92 మైసూరు యుద్ధంలో పాల్గొన్నాడు. ఆ తరువాత నైజాం రాజ్యంలో సర్వే పని చేశాడు. 1793లో పుదుచ్చేరి ముట్టడిలోనూ, తరువాత సింహళ దండయాత్రలోనూ ఉన్నాడు. ఇన్నేళ్ళలో చరిత్ర సేకరణ ఏమాత్రం ముందుకు సాగలేదని అతడే 1817లో వ్రాసిన ఒక లేఖలో ఒప్పుకున్నాడు. భాష రాకపోవడం, స్థిరంగా ఒకచోట ఉండకపోవడం ముఖ్య కారణాలు.

కావలి సోదరులు

మెకంజీ 1796లో సింహళం నుండి తిరిగివచ్చిన తరువాత కావలి వెంకట బొర్రయ్య అతని వద్ద చేరాడు. తన సేకరణకు అసలైన ఆరంభం అదేనని మెకంజీ భావించాడు. బొర్రయ్య 1776లో ఏలూరులో నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. నేటి హనుమాన్ జంక్షన్ మీదుగా విజయవాడ నుండి తూర్పునకు పోయే జాతీయ రహదారిపై ఉన్న ఈ ఏలూరు ఆనాడు ఉత్తర సర్కారులలో ఒక సర్కారుకు ముఖ్య పట్టణం. బొర్రయ్య తెలుగు, సంస్కృతాలతో పాటు మచిలీపట్నంలో ఇంగ్లీషు కూడా నేర్చుకున్నాడు. మెకంజీ వద్ద చేరేనాటికి అతని వయస్సు ఇరవై సంవత్సరాలు.

ఊరూరా తిరిగి పెద్దలను, కరణాలను, పూజారులను, జైన గురువులను కలిసి మాట్లాడడం, వారి నమ్మకాన్ని సంపాదించి ఇంటి పెట్టెలలోని వ్రాతలను చూపించేటట్లు చేయడం బొర్రయ్యకు అబ్బిన నేర్పు. ఎవరికీ చదవరాని పాత కన్నడ శాసన లిపిని ఛేదించిన ఘనత కూడా అతనిదే. జైనుల గురించి అతడు అనువదించిన వ్యాసం ఆసియాటిక్ రీసెర్చెస్ 9వ సంపుటంలో అతని పేరుతోనే అచ్చయింది. కాని దానిని చూచుకొనడానికి అతడు జీవించి లేడు. 1803లో, ముప్ఫై ఏళ్ళు నిండకుండానే మరణించాడు.

ఆ తరువాత తమ్ముడు కావలి వెంకట లక్ష్మయ్య ముఖ్య సహాయకుడై మెకంజీ మరణం వరకు పనిచేశాడు. మరొక తమ్ముడు కావలి వెంకట రామస్వామి కూడా ఈ పనిలో పాల్గొన్నాడు. మెకంజీ యాభై ఎనిమిదేళ్ళ వరకు అవివాహితుడు. ఆ కాలమంతా డేరాలే అతని ఇల్లు. ఆ డేరాలలో అతని వెంట దినదినం మెలగినది ఏలూరు సోదరులు, వారు కూర్చిన పండితులు, లేఖకులే.

మైసూరు సర్వే

1799లో శ్రీరంగపట్నం పతనమై టిప్పు సుల్తాన్ మరణించిన తరువాత మైసూరు రాజ్యాన్ని సర్వే చేసే బాధ్యత మెకంజీకి అప్పగించబడింది. సుమారు పది సంవత్సరాల పాటు సాగిన ఈ పనిలో 40,000 చదరపు మైళ్ళ ప్రాంతం కొలవబడింది. భూమి కొలతలతో పాటు గ్రామాల వివరాలు, పంటలు, చెరువులు, వృత్తులు, జనుల ఆచారాలు కూడా నమోదు చేయాలని అతడు పట్టుబట్టాడు. ఖర్చు తగ్గించాలని లండనులోని డైరెక్టర్లు కోరడంతో సిబ్బంది, జీతాలు తగ్గాయి. చరిత్ర సేకరణకు అయిన ఖర్చులో చాలా భాగం మెకంజీ స్వంత జేబు నుండే పెట్టుకున్నాడు.

కైఫీయతుల సేకరణ

కైఫీయతు అంటే ఒక విషయపు స్థితిగతులను తెలిపే వివరణ. గ్రామ కైఫీయతులో ఆ ఊరికి పేరు ఎలా వచ్చింది, ఎవరు కట్టించారు, ఏ రాజుల ఏలుబడిలో ఉన్నది, దేవాలయాలకు ఎవరు ఏ మాన్యాలిచ్చారు, మిరాశీలు ఎవరివి, జమీందారుల వంశక్రమం ఏమిటి వంటి విషయాలుంటాయి. వీటిని చాలావరకు కరణాలు తమ వద్దనున్న దండకవిలెల నుండి, పెద్దల నోటి మాటల నుండి వ్రాసి ఇచ్చారు. లక్ష్మయ్య పర్యవేక్షణలో గుమాస్తాలు జిల్లాలలో తిరుగుతూ తాము ఏ ఊరు వెళ్ళినది, ఎవరిని కలిసినది, ఏమి దొరికినది ఎప్పటికప్పుడు నివేదికలు పంపేవారు.

ఈ పని సులభంగా సాగలేదు. సర్కారు మనుషులు శాసనాలు, మాన్యాల పత్రాలు అడిగితే, పన్ను వేయడానికో మాన్యం తీసివేయడానికో అని గ్రామస్తులు భయపడేవారు. ఆ భయానికి కారణం లేకపోలేదు. పత్రం చూపితే పొలం పోతుందేమోనని అనుమానించే మనిషిని ఒప్పించగలిగినది వారి భాష మాట్లాడే మనిషే. కైఫీయతులలో పురాణ కథ, వంశ ప్రశంస, వాస్తవం కలిసి ఉంటాయి. కాబట్టి చరిత్రకారులు వీటిని శాసనాలతో సరిపోల్చి వాడుకుంటారు.

అమరావతి

కృష్ణానది దక్షిణపు ఒడ్డున ధరణికోట ప్రక్కన జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతి పట్టణాన్ని నిర్మిస్తున్న కాలంలో, ఇటుకల కోసం, రాళ్ళ కోసం దీపాలదిన్నె అనే దిబ్బను త్రవ్వించగా చెక్కడపు సున్నపురాతి పలకలు బయటపడ్డాయి. ఈ సంగతి విని మెకంజీ 1798లో అక్కడికి వెళ్ళి చూశాడు. అది బౌద్ధ మహాస్తూపమని అప్పటికి ఎవరికీ తెలియదు.

మరల 1816లో చిత్రకారులను, సర్వే సిబ్బందిని వెంటబెట్టుకొని వచ్చేసరికి అనేక పలకలు చెదిరిపోయి, కొన్ని కట్టడాలలో కలిసిపోయాయి. మిగిలిన పలకలకు, దిబ్బకు శ్రద్ధగా చిత్తరువులు, పటాలు వ్రాయించాడు. అందులోని కొన్ని శిల్పాలు తరువాత నశించాయి. వాటి రూపం నేడు ఆ చిత్తరువులలోనే మిగిలి ఉంది. అమరావతి శిల్పాలు ప్రస్తుతం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ, లండనులోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి.

జావా, వివాహం

1811లో కంపెనీ సైన్యం జావా దీవిపై దండెత్తినప్పుడు మెకంజీ ఇంజనీర్లకు నాయకుడిగా వెళ్ళాడు. యుద్ధం ముగిసిన తరువాత రెండేళ్ళు అక్కడే ఉండి డచ్చివారి దస్తావేజులను, స్థానిక గ్రంథాలను సేకరించాడు. 1812 నవంబరు 18న బటావియాలో పెట్రొనెల్లా జాకోమినా బార్టెల్స్ అనే యువతిని వివాహమాడి, ఆమెతో భారతదేశానికి తిరిగి వచ్చాడు.

సర్వేయర్ జనరల్, మరణం

1815లో మెకంజీ భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్‌గా నియమించబడ్డాడు. 1816లో థామస్ హిక్కీ మద్రాసులో గీసిన చిత్రపటంలో ఎర్రని సైనిక దుస్తులలో ఉన్న మెకంజీ చుట్టూ అతని భారతీయ సహాయకులు కూడా కనిపిస్తారు. 1817లో కలకత్తాకు మకాం మార్చాడు. లక్ష్మయ్య కూడా వెంట వెళ్ళాడు. సేకరణ నంతటినీ క్రమపరచి వివరమైన పట్టిక ప్రచురించాలని మెకంజీ ఆశించాడు. కాని ఆరోగ్యం దెబ్బతిని 1821 మే 8న మరణించాడు. కలకత్తాలోని సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో సమాధి చేశారు.

సేకరణ తరువాతి కథ

అతని భార్య నుండి ప్రభుత్వం ఈ సేకరణను లక్ష రూపాయలకు కొన్నది. హెచ్. హెచ్. విల్సన్ 1828లో ప్రచురించిన పట్టిక ప్రకారం ఇందులో 1,568 సాహిత్య గ్రంథాలు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాల ప్రతులు, 2,630 చిత్తరువులు, 6,218 నాణేలు ఉన్నాయి.

అసంపూర్తిగా మిగిలిన పనిని తాను కొనసాగిస్తానని 1830లలో లక్ష్మయ్య అర్జీ పెట్టుకున్నాడు. ఈ పనిలో మూడు దశాబ్దాలకు పైగా అనుభవం ఉన్నవాడు అతడే. అయినా కలకత్తా ఆసియాటిక్ సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ ఆ బాధ్యతకు స్వదేశీయుడు తగడని అభిప్రాయపడడంతో అర్జీ తిరస్కరించబడింది. ఆ పని రెవరెండ్ విలియం టేలర్ చేతికి పోయింది. లక్ష్మయ్య మద్రాసులో హిందూ లిటరరీ సొసైటీ స్థాపనకు పూనుకున్నాడు. రామస్వామి 1829లో దక్కను కవుల జీవితాలను ఇంగ్లీషులో వ్రాసి ప్రచురించాడు. అందులో అన్న బొర్రయ్య జీవితాన్ని కూడా చేర్చాడు.

శిథిలమవుతున్న తెలుగు కైఫీయతులకు సి. పి. బ్రౌన్ శుద్ధ ప్రతులు వ్రాయించాడు. మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం, లండనులోని బ్రిటిష్ లైబ్రరీ మెకంజీ సేకరణలకు ముఖ్యమైన నిలయాలు. 2017లో స్టోర్నోవేలో మెకంజీపై ప్రత్యేక ప్రదర్శన జరిగింది. అతని సేకరణలలోని వస్తువులను లండను నుండి తెప్పించి అక్కడ ఉంచారు. 1783లో దీవి విడిచిన మెకంజీ తిరిగి వెళ్ళలేదు గాని, ఏలూరు సోదరులతో కలిసి అతడు కూర్చిన సంపదలో కొంత భాగం ఆ విధంగా అతని పుట్టిన ఊరు చేరింది.