అడ్మిరల్ గ్రేస్ హాపర్

ఒక భాషలో వ్రాసిన యుత్తరమును ఆ భాష నెఱుగనివారు చదువజాలరు గదా. తొలికాలపు కంప్యూటర్ల స్థితియు నిట్లే యుండెను. ఒక యంత్రమునకై వ్రాసిన ప్రోగ్రాము మఱియొక యంత్రమునకు బోధపడకుండెను. ఒకే ప్రోగ్రామును వేర్వేఱు యంత్రములపై నడిపించుటకు గృషిచేసి, వార్ధక్యమునందును ఆ యేకరూపతను గాపాడిన గ్రేస్ హాపర్ చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఈమె 1906 సంవత్సరము డిసెంబరు 9వ తేదీని అమెరికాలోని న్యూయార్కు నగరమున జన్మించెను. ఏడేండ్ల ప్రాయమున, గడియార మెట్లు నడచునో తెలిసికొనగోరి, ఇంటనున్న అలారము గడియారముల నొకదాని వెనుక నొకటి విప్పివేసెనందురు. వాసర్ కళాశాలలో చదివి 1928లో పట్టభద్రురాలయ్యెను. 1931 మొదలు ఆ కళాశాలయందే గణితమును బోధించుచు, 1934లో యేల్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును బొందెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున నామె నౌకాదళమున జేరగోరెను. శరీరపు బరువు నియమితమైన దానికంటె తక్కువగా నుండుటచే ప్రత్యేకానుమతి కావలసివచ్చెను. 1944లో నామెను హార్వర్డు విశ్వవిద్యాలయమునందలి మార్క్ 1 యను యంత్రమువద్ద నియమించిరి. ఆ యంత్రము 51 అడుగుల పొడవు గలది.

1949లో నామె ఫిలడెల్ఫియా నగరమున యూనివాక్ యంత్రమును నిర్మించుచున్న సంస్థలో జేరెను. ఆ దినములలో ప్రోగ్రాములు వ్రాయువారు పూర్వము వ్రాసిన భాగములను నోటుపుస్తకములనుండి చేతితో నెత్తివ్రాసికొని, అంకెలను సవరించుకొనెడివారు. ఎత్తివ్రాయుటలో తప్పులు, కూడుటలో తప్పులు! ఈ పనిని యంత్రమే యేల చేయరాదని యామె యోచించి, 1952లో ఎ-0 యను కంపైలరును సిద్ధపఱచెను. కావలసిన భాగముల సంఖ్యలను దెలిపినచో, యంత్రమే వానిని టేపునుండి వెదకి తెచ్చి, వరుసగా గూర్చి, ప్రోగ్రామును దయారుచేయును. కంప్యూటరు లెక్కలు మాత్రమే చేయగలదని తలచినవారు దీనిని మొదట నమ్మరైరి.

అటుపిమ్మట నామె యాంగ్లపదములతో ప్రోగ్రాములు వ్రాయు భాష నొకదానిని గల్పించెను. ఆ భాష 1959లో బయలుదేరిన కోబాల్ భాషకు ముఖ్యాధారమయ్యెను. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రామును రెండు వేర్వేఱు సంస్థల యంత్రములపై స్వల్పమైన మార్పులతో నడిపి చూపిరి.

ఇంతటితో కార్యము ముగిసినదని యెవరైన దలంతురు. కాని కష్టమైన భాగమిక ముందున్నది. ప్రతి సంస్థయు తన కంపైలరును కోబాల్ అనియే పిలుచుచు, కొంచెము కొంచెముగా మార్చుచుండెను. 1966లో నౌకాదళమునుండి విశ్రాంతి గైకొన్న హాపరును, ఈ చిక్కును దీర్చుటకై 1967లో ఆఱుమాసముల కొఱకు మరల బిలిచిరి. ఆమెయు నామె సహాయులును పరీక్షాప్రోగ్రాములను వ్రాసి, ఒక్కొక్క కంపైలరు నియమము ననుసరించుచున్నదో లేదో శోధించిరి. ఆఱుమాసములు పందొమ్మిది సంవత్సరములయ్యెను. 1986లో, 79 ఏండ్ల ప్రాయమున, అడ్మిరల్ పదవిలో నుండగా నామె విరమించెను. 1992 జనవరి 1వ తేదీని పరమపదించెను.

నేడు వెబ్ సర్వర్లను నడుపు సాఫ్ట్‌వేరులో నెంతో భాగము, మూలపాఠముతోగూడ ఉచితముగా నెల్లరకు లభించుచున్నది. ఆ యొక్క మూలపాఠమే లినక్స్, విండోస్, మాక్ యంత్రములన్నిటికి సరిపడవలయును. దానికై బిల్డ్ స్క్రిప్టు అను నొక చిన్న ఆదేశపట్టిక యుండును. అది యంత్రమెట్టిదో, కంపైలరేదో, కావలసిన లైబ్రరీలెచ్చట నున్నవో విచారించి, భాగములను గూర్చి సాఫ్ట్‌వేరును దయారుచేయును. ఎ-0 చేసిన కూర్పే యిచ్చట పెద్దయెత్తున జరుగుచున్నది. కాని లినక్సులో నొక లైబ్రరీ చోటు మాఱినచో స్క్రిప్టు నిలిచిపోవును; దానిని సవరించినచో విండోసున చెడవచ్చును. కావున స్క్రిప్టును సంరక్షించువారు ప్రతి సవరణకు బిమ్మట అన్ని యంత్రములపైనను మరల పరీక్షింపవలయును. పని చక్కగా సాగినంతకాలము వీరి నెవరును దలపరు. చెడిన దినముననే వీరు జ్ఞప్తికి వత్తురు.

హాపరు కంపైలరును గల్పించినందులకు లోకము పొగడెను. నిర్మించినదానిని చెడకుండ గాపాడుటకై యామె వెచ్చించిన పందొమ్మిదేండ్లును అంతకు దక్కువవి కావని మేము తలంచుచున్నాము. బాలబాలికలారా! క్రొత్తదానిని గనిపెట్టు భాగ్యము కొందఱికే కలుగును. ఉన్నదానిని ఓర్పుతో పరీక్షించి, సవరించి, పదిమందికి నక్కఱకు వచ్చునట్లు నిలుపు పని మనలో ప్రతివారికిని దొరకును.